మార్కండేయ మిద్దె మీది చలిదేశపు గడ్డి

మార్కండేయ మిద్దె మీద గంజాయి పెంచుతుండన్న పుకారు సూరత్‌ల కడోదరా చాల్ గదులు దాటి పాన్‌డబ్బా దాక పాకింది. అది శుద్ధ అబద్ధం. పక్కింటి పోశవ్వకు తెల్వదా? ఎవరింట్ల ఏం కూరో మూత తీసి చూసొచ్చే మనిషి! చదివింది ఐదో తరగతే గాని, పక్కింటి సంగతుల్లో మాత్రం పెద్ద చదువే.

మిల్లుల బట్ట నేసే సాంచాలు నడిపే మార్కండేయ కొన్నేండ్లు హిమాలయాల కాడి కులూలో శాలువాలు నేసిండు. అక్కడినుంచి వచ్చేటోళ్లు స్వెటర్లు తెస్తరు, ఈయన గడ్డి దుబ్బు తెచ్చిండు. చలికి అది వెండి కుచ్చుల లెక్క కంకులు తీస్తదట. సూరత్ ఎండకు దానికి తడి గోనెపట్టా పందిరి, మొదట్లో ఐసుగడ్డలు.

"నాకు ఫ్యాను లేదు, గడ్డికి ఏసీ పెట్టిండు," అని భార్య పద్మారాణి మొత్తుకునేది.

ఇన్నేండ్లకు, ఈ వానకాలం, గడ్డి పొట్టకొచ్చింది. కంకి కోసం మార్కండేయ డ్యూటీ దిగంగనే మిద్దెక్కి కూసుంటుండు.

సరిగ్గ అప్పుడే గదుల యజమాని హస్ముఖ్‌భాయ్ పుకారు విని ఉరికొచ్చిండు. "పోలీసులొస్తే నా పరువేం కావాలె? పీకి పారెయ్!"

మార్కండేయ గడ్డికి అడ్డం నిలబడ్డడు. పోశవ్వ నోరు ఏనాడు ఆగింది గనుక? తెల్లారితే గ్రహణమని యాదికొచ్చింది.

"గంజాయేంది భాయ్, అది దర్భ! గ్రహణం నాడు పచ్చళ్ల మీద, నీళ్ల మీద వేసుకునేది. పీకితే పాపం నీకే!"

హస్ముఖ్‌భాయ్ చెప్పులిడిచి దండం పెట్టిండు. తనింటికి రెండు పోచలు కూడ అడిగి తీసుకపోయిండు. పోశవ్వ కాలర్ ఎగరేసేదే, చీరకు కాలర్ లేదు గాని.

దర్భ మాట గదిగదికి పాకి, తెల్లారేసరికి మిద్దె మీద కత్తెరలు మోగినయ్. ప్రతి ఇంట్ల ఆవకాయ జాడి ఉండె మరి! జాడి మీదికో పోచ, బిందె మీదికో పోచ, కింది గది సంతోషైతే ఫ్రిజ్ మీదికి కూడ ఓ పిడికెడు. పోశవ్వ కూడ కోసింది. చెప్పినామెనే కొయ్యకుంటే నమ్మేదెవరు?

మధ్యాహ్నానికి గడ్డి దుబ్బు ఎములాడ గుడిల గుండు మొక్కు తీర్చుకున్న తలకాయ లెక్కయింది. పొట్టలున్న కాడలు కూడ పోయినయ్.

అందరి గుట్టూ అడిగే పోశవ్వ ఈసారి మెల్లగ మార్కండేయ పక్కకొచ్చి కూసుంది. చివరికి అడగనే అడిగింది.

"తమ్మీ, నిజం చెప్పు. నీ గడ్డిని కాపాడిన్నా, కరాబ్ చేసిన్నా?"

మార్కండేయ మొండి మోడులను తడిమి చూసిండు.

"గంజాయన్నన్ని దినాలు దాన్ని ఒక్కరు ముట్టలే అక్కా. జర ఆ మాటనే ఉండనియ్యరాదు?"