హెబ్రోను గారి పరదేశి దావా

కావలి కోర్టులో ప్లీడర్లు బోలెడుమంది, బారిస్టరు మాత్రం హెబ్రోను గారొక్కరే. లండన్‌లో చదివొచ్చిన మనిషి మద్రాసులో బోర్డు కట్టక ఇక్కడికెందుకు వచ్చాడని కొత్తవాళ్లు అడుగుతుండేవారు. మద్రాసులోనూ కట్టారు. ఆ బోర్డు కిందికి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. మిషను బడి పంతులు కొడుక్కి పెద్ద కేసులు తెచ్చిపెట్టే మేనమామలు ఎక్కడుంటారు? భార్య నవోమికి కావలిలో టీచరు ఉద్యోగం దొరకగానే ఆయన నల్లకోటు పెట్టెలో సర్దుకుని ఆమె వెంట వచ్చేశారు.

ఆ కోటును మాత్రం రోహిణీకార్తెలో కూడా వదిలేవారు కాదు. చెమటలు కారిపోతుంటే గుమాస్తాలు చాటుగా నవ్వుకునేవారు. ఆయన దగ్గరికి వచ్చే కేసులు కూడా వేరెవరూ ముట్టుకోనివే. ఉప్పు మడుల్లో పని పోయిన కూలీలు, రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చి తాత పొలం కోసం వెతుక్కునేవాళ్లు, గట్టు తగాదాల రైతులు ఆయన వరండాలో కూర్చుని ఉండేవారు.

తక్కిన ప్లీడర్లు సాక్షిని ముందురోజే పిలిచి, ఏం చెప్పాలో చిలక్కి నేర్పినట్టు నేర్పేవారు. హెబ్రోను గారు ఆ పని చేసేవారు కాదు. "జరిగింది జరిగినట్టు చెప్పు" అనేవారు, అంతే. ఒకసారి ఉప్పు మడుల కూలీ ఒకడు బోనులో నిలబడి, "తాగేదానికి నీళ్లడిగినాను దొరా, అందుకు పొమ్మన్నారు" అని ఊరుకున్నాడు. తీర్పు చెప్పే మునసబు గారు కలం కింద పెట్టి అతని వంక చూశారు. ఆ కేసు గెలిచిన దగ్గర్నుంచి హెబ్రోను గారికి తన పద్ధతి మీద కాస్త గర్వం కూడా పట్టుకుంది. పట్టుకోదూ మరి?

పంతొమ్మిది వందల యాభైతొమ్మిదిలో దూదేకుల ఇమామ్ సాహెబ్ పోలీసుల ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. ఊళ్లో సగం పరుపులు అతను కుట్టినవే, హెబ్రోను గారు పడుకునేది కూడా అందులో ఒకటి. "నువ్వు పరదేశివి, దేశం విడిచి వెళ్లు" అని ఆ ఉత్తర్వులో ఉంది.

అతని అక్క సుల్తాన్‌బీని దేశం రెండు ముక్కలు కాకముందే కరాచీ రేవులో పనిచేసే మనిషికిచ్చారు. ఆ మనిషి పోయాడు, అక్క మంచాన పడింది. తీసుకొద్దామని ఇమామ్ సాహెబ్ పర్మిట్ మీద వెళ్లాడు. ఆమె లేవలేదు. ఆమెను మట్టిచేసి వద్దామనుకునేసరికి పర్మిట్ గడువు దాటిపోయింది, రెండు దేశాల మధ్య పాస్‌పోర్టులు వచ్చిపడ్డాయి. ఉర్దూ ముక్క రాని మనిషి, ఆ మహానగరంలో ఎవరి కాళ్లు పట్టుకుంటాడు? పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకుంటే పోవచ్చని ఎవరో చెబితే తీసుకున్నాడు. అది రైలు టిక్కెట్టు లాంటిదే, ఊళ్లో దిగాక దానితో పనేముందనుకున్నాడు. వచ్చి మళ్లీ దూది ఏక్కుంటూ, భార్య నూర్జాన్‌తో కాపురం చేసుకుంటున్నాడు.

హెబ్రోను గారు దావా వేసి, తీర్పు వచ్చేదాకా అతన్ని కదిలించకుండా ఉత్తర్వు తెచ్చారు. కానీ చట్టం కఠినంగా ఉంది. పరాయి దేశపు పాస్‌పోర్టు తీసుకున్నవాడు ఆ దేశస్థుడైపోయినట్టే. బలవంతం మీద తీసుకున్నాడని చూపిస్తే మాత్రం వాదించడానికి చిన్న సందు ఉంది.

విచారణ ముందురోజు సాటి ప్లీడరు చెంచురామయ్య గారు ఆయన్ని కోర్టు వరండాలోకి పిలిచారు.

"బారిస్టరు గారూ, పాస్‌పోర్టు అక్కడివాళ్లు బెదిరించి ఇచ్చినారని ఆ ఒక్క ముక్క అతనికి నేర్పండి. కాదనేదానికి కరాచీ నుంచి ఎవడొస్తాడు?"

"నాకలవాటు లేదండీ" అని హెబ్రోను గారు నవ్వేశారు.

మర్నాడు ఇమామ్ సాహెబ్ బోనెక్కాడు. గవర్నమెంటు ప్లీడరు మర్యాదగానే అడిగాడు.

"ఆ పాస్‌పోర్టు తీసుకోమని నిన్నెవరైనా బలవంతం చేశారా?"

"లేదు దొరా. నేనే పొయ్యి అడిగినాను. ఇచ్చేదాకా కాళ్లరిగేటట్టు తిరిగినాను."

ఇంటికి రావడానికి తానెంత తపించాడో కోర్టుకు తెలియాలని అతని ఆశ. ఆ మాట చెప్పి, బాగా చెప్పానా అన్నట్టు హెబ్రోను గారి వంక చూశాడు.

ఇంటికి వేరే దారి లేకపోవడం కూడా బలవంతమేనని ఆయన గొంతు పోయేలా వాదించారు. "మీ క్లయింటే లేదన్నాడు కదండీ" అన్నారు మునసబు గారు. ఆయన గొంతులోనూ బాధే ఉంది, కానీ బాధతో తీర్పులు రాయరు. నెల్లూరులో అప్పీలుకు వెళితే అక్కడా అదే జవాబు ఎదురైంది. బోనులో చెప్పిన మాటను ఎవరు తుడిచేయగలరు?

రైలు స్టేషనుకు హెబ్రోను గారు కూడా వెళ్లారు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కూర్చున్న ఇమామ్ సాహెబ్ కిటికీలోంచి, "అక్క గూడా లేదు గదయ్యా, అక్కడ నేనెవురింటికి పొయ్యేది?" అన్నాడు. కోపంగా కాదు, దారి అడిగినట్టు అడిగాడు. బండి కదిలింది.

వారం తిరక్కముందే నూర్జాన్ ఆయన వరండాకు వచ్చింది. నవోమి మంచినీళ్లిచ్చినా తాగలేదు.

"అయ్యా, మీరు సాక్షికి మాటలు నేర్పరంట. బలవంతం చేసినారని ఒక్క మాట అనుంటే ఆయన ఈడే నిలబడుండేవాడని కోర్టుకాడ అనుకుంటా ఉండారు. నిజమేనా?"

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. ఆయనకు చేతకాలేదు.

"నిలబడి ఉండొచ్చమ్మా."

"ఆ సంగతి మీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

ఆయన తల వంచుకుని, ఆ కోటులో చెమటకు తడిసిపోతూ నిలబడ్డారు.

"ఆయనకు నేర్పకూడదనుకుంటే నాతో చెప్పుండొచ్చు గదయ్యా" అంది నూర్జాన్. "నేను అనమంటే అనుండేవాడు. నా మాట ఏనాడూ తీసెయ్యలే."