కిటికీ మూసినా లోపల ఆగని లెక్క

"ఆపేదానికి రాని దాన్ని ఎందుకమ్మా నడిపించినావు?"

చిక్కమ్మను ఫోనులో ఇలా అడిగినవాడు నంజుండప్ప, లక్కూరు దగ్గరి ఒక పల్లెలో పాల సంఘం కార్యదర్శి. మూతపడ్డ బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో తన ఇంట్లోనే కూర్చుని ఆ సంఘానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది చిక్కమ్మ. ఎవరి పాలకు ఎంత ఇవ్వాలో పక్షానికొకసారి అదే తేలుస్తుంది. అది తేల్చందే ఎవరి చేతికీ డబ్బు రాదు.

గనులు మూతపడ్డ ఊరివాళ్ళ నెత్తుటిలో ఏదో పాతాళజ్ఞానం పారుతుందని రాయడం మనకు ఆనవాయితీ. చిక్కమ్మ కొంప ముంచింది ఆ జ్ఞానమే. తండ్రి రామాంజినప్ప గనిలోకి మనుషుల్ని దించే కేజ్‌కు ఇంజను నడిపేవాడు. గని కార్మికుల కాలనీ పిల్లలకు అన్నంతో పాటు పెట్టిన మాట ఒకటుంది: కదిలిన కేజ్ దిగొద్దు, చేరేదాకా ఊరికే నిలబడు. చిక్కమ్మ తన సాఫ్ట్‌వేర్‌నూ అలాగే రాసింది. తెరవగానే అది పాత లెక్కలన్నీ కూడి ఫైలులో తిరగరాస్తుంది. ఆ కాసేపట్లో ఎవరైనా ఎక్స్ గుర్తు నొక్కితే తెర మీది కిటికీ కనబడకుండా పోతుంది, అంతే. పని లోపల సాగుతూనే ఉంటుంది. మొదలైనది చేరాలి కదా అనుకుంది. కానీ ఆ నియమం కేజ్‌లో నిలబడ్డవాళ్ళది. బ్రేకు పట్టుకున్నవాడు గంట మోగితే ఎక్కడున్నా ఆపాలి. తండ్రి ఉద్యోగమంతా అదే అయినా ఆమెకు తట్టలేదు.

ఆ ఉదయం కంప్యూటరు తేదీ తప్పు చూపింది. సాఫ్ట్‌వేర్ తెరిచిన నంజుండప్ప అది చూసి జడిసి మూశాడు. తేదీ సరిచేసి తెరిచాడు. ఎంతకీ లేవకపోతే మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. తెర ఖాళీ. కంప్యూటరు పెట్టె మీది ఎర్ర లైటు మాత్రం ఆగకుండా మినుకుమంటోంది.

"మూసేసినానమ్మా. అయినా లోపల ఏందో తింటా ఉండాది."

"ఎన్నిసార్లు తెరిచినావప్పా?"

"అది లేస్తే కదా లెక్క పెట్టేదానికి! స్విచ్ తీసేస్తా ఇంగ."

"ముట్టొద్దు! సగం రాసిన ఫైలు పాడైపోతాది. నేనొస్తా ఉండాను."

"నువ్వొచ్చేలోపల అదే మింగేస్తే?"

చిక్కమ్మ ఫోను పెట్టేసి బస్సెక్కింది. ఆమె చేరేసరికి సంఘం గుమ్మంలో జనం. ఖాళీ క్యాను పట్టుకున్న గంగప్ప అడిగాడు: "ఏమ్మా, మా ఆవులు పాలిచ్చినాయంటాదా నీ మిషన్, లేదంటాదా?"

అందరూ నవ్వారు. అప్పుడే ఎర్ర లైటు దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

కిటికీ మూసిన ప్రతిసారీ ఆగకుండా మిగిలిన పనులన్నీ కలిసి ఒకే ఫైలు మీద ఒకదాని రాతపై ఒకటి రాశాయి. కొందరి పాలు రెండింతలయ్యాయి, కొందరివి మాయమయ్యాయి. పాలు పోసినప్పుడిచ్చే చీటీలు తెచ్చినవాళ్ళ లెక్క చిక్కమ్మ అక్కడే కూర్చుని సరిచేసింది. పాలు మాయమైనవాళ్ళలో గంగప్ప ఒకడు; అతని ఇంట్లో ఆ చీటీలతోనే పొయ్యి రాజేస్తారు.

"చీటీ లేనిదే ఎట్లిచ్చేదప్పా? రేపు అందరూ లేదంటారు," అన్నాడు నంజుండప్ప.

"పాలు తాగేటప్పుడు చీటీ అడిగినారా మీరు?" అన్నాడు గంగప్ప.

సాఫ్ట్‌వేర్‌ను చిక్కమ్మ తిరగరాసింది. ఇప్పుడది మొదలయ్యేటప్పుడు మూయమంటే వింటుంది. చేతిలో ఉన్న వరుస ముగించి, ఫైలు వదిలి, నిజంగానే పోతుంది. ఒకటి బతికుండగా రెండోది లేవదు.

గంగప్పకు ఆ పక్షం పాల డబ్బు ఇంకా రావాలి.