టేపు మామ కట్టిన బండిపెట్టె

ఆ రోజుల్లో నాకు తెలివి లేక కాదు. ఉన్న తెలివినంతా తప్పు చోట ఖర్చుపెట్టేవాణ్ణి, అంతే. మస్కట్ దగ్గర అల్ హైల్‌లో మా కంపెనీ రూములో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరం జగిత్యాల చుట్టుపక్కల వాళ్ళమే. సెలవు మీద ఇంటికి పోయేవాడి పెట్టె కట్టడమంటే మాకు పెళ్ళిపందిరి వేసినంత పని. రెండు నెలల ముందే మొదలయ్యేది. సబ్బులు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు సర్ది, పైన ప్లాస్టిక్ చుట్టి, దాని మీద టేపు, దాని మీద తాడు, తాడు మీద మళ్ళీ టేపు! ఆ విద్యలో మా రూము పెద్దకు ఎదురులేదు. అందరం ఆయన్ని టేపు మామ అనేవాళ్ళం. "నేను కట్టిన పెట్టె విమానం మీదికెల్లి పడ్డా పలగదు" అనేవాడు. (నిజమే. ఇంటికెళ్ళాక గొడ్డలి తెచ్చి విప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.)

నేను ఒమన్ వచ్చేనాటికి నా భార్య కడుపుతో ఉంది. పుట్టిన పాపను మూడేళ్ళు ఫోనులోనే చూశాను. అది నన్ను "ఫోన్ బాపు" అనేది. ఇంట్లో ఎవరైనా మీ బాపు ఏడే అంటే, పరుగెత్తుకెళ్ళి ఫోను తెచ్చి చూపించేదట. నా భార్య నవ్వుతూనే చెప్పేది కానీ, నాకు గుండె కలుక్కుమనేది. మొదటి సెలవు దగ్గరపడుతుంటే ఒకటే భయం: ఎదురుగా నిలబడితే పిల్ల నా దగ్గరికి వస్తుందా, తల్లి కొంగు చాటుకు పోతుందా?

ఆ భయానికి మందు ఆ పిల్లే చెప్పింది. బ్యాటరీతో నడిచే సూట్‌కేసు, మీద కూర్చుని మీట నొక్కితే దానంతటదే పోయేది, ఏదో వీడియోలో చూసిందట. "ఫోన్ బాపూ, గా బండిపెట్టె తెస్తవా? నేను కూసుంట" అంది. నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. ఆ శుక్రవారమే పక్కనున్న అల్ ఖౌద్ బజారుకు వెళ్ళి కొన్నాను. వరండాలో ఆరుగురం వంతులవారీగా ఎక్కి తిరిగాం. టేపు మామ మాత్రం పెద్దరికం కింద రెండుసార్లు తిరిగాడు.

సెలవుకు ఇంకా రెండున్నర నెలలున్నాయి. జూన్ నెల. అక్కడి తీరాన ఆ రోజుల్లో ఉక్క ఎలా ఉంటుందంటే, తడి బనీను ఆరేస్తే సాయంత్రానికి ఇంకాస్త తడిసేది. "గాలి తగిలితే ఖరాబైతది అల్లుడా, ఇప్పుడే కట్టేద్దాం" అన్నాడు మామ. పెట్టె తెరిస్తే లోపల చిన్న చిన్న తెల్ల సంచులు కనిపించాయి.

"ఏందిరా గివి?" అన్నాడు.

"తినొద్దని రాసున్నది మామా."

"తినరానిది పెట్టెల ఎందుకు? ఇంటికాడ చిన్నపోరి ఉన్నది, అవుతల పడెయ్."

నేనే ఏరి పారేశాను. పెట్టెలో తేమను పీల్చడానికే వాటిని పెడతారని ఆరుగురిలో ఒక్కడికి తెలిస్తే ఒట్టు. బ్యాటరీని లోపలే ఉంచి, దానితో పాటు ఉక్కగాలిని కూడా భద్రంగా లోపలే ఉంచి, అయిదు చుట్లు టేపు వేశాం. రూములో చోటు లేక మెట్ల కింద పెట్టాం. రోజూ డ్యూటీ నుంచి వచ్చి దాన్ని ఒకసారి తట్టి మరీ లోపలికి వెళ్ళేవాణ్ణి.

ప్రయాణానికి వారం ముందు మా సైట్ ఆఫీసులోని ఇంజనీరు మేడంతో (కాకినాడ ఆవిడ) ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"బ్యాటరీ ఎక్కడుందయ్యా?"

"లోపల్నే ఉన్నది మేడం, మస్తు టేపేసినం."

"ఓరి నాయనో! బ్యాటరీ తీసి విడిగా పెట్టుకోవాలయ్యా, సగం ఛార్జింగుతో, పొడిగా ఉండే గదిలో. పెట్టెకి కాస్త గాలాడనివ్వాలి. ఎయిర్‌పోర్టులో ఎలాగూ బ్యాటరీ తీసి చేతి బ్యాగులో పెట్టుకోమంటారు. ముందెళ్ళి విప్పు."

"నా కట్టు తెంపుతవా?" అని మామ మొహం మాడ్చుకున్నాడు. అయినా కత్తి ఆయనే తెచ్చాడు. టేపు తెగగానే నానిన బట్టల వాసన గుప్పుమంది. లోపలి గుడ్డకు బూజు, బ్యాటరీ పిన్నులకు పచ్చటి చిలుము. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఛార్జింగు పెట్టి చూద్దామని మేడంకు ఫోను చేస్తే, ఆవిడ అరుపు రూమంతా వినిపించింది: "తడిసినదానికి కరెంటు పెట్టకండి బాబూ, అంటుకుంటుంది!" రిపేరు షాపతను బ్యాటరీ ఉబ్బిందని చెప్పి తన దగ్గరే ఉంచుకున్నాడు. అలాంటిది కొత్తది రావడానికి నెల పడుతుందన్నాడు. నాకున్నవి అయిదు రోజులు.

ఏడ్చానండీ, దాచడమెందుకు. పిల్ల అడిగిన ఒక్కగానొక్క వస్తువు! మామ వచ్చి పక్కన కూర్చుని, "తప్పు నాదే అల్లుడా" అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. పెట్టెను తనే శుభ్రంగా తుడిచి, ఏసీ రూములో తెరిచిపెట్టి ఆరబెట్టాడు. ప్రయాణం రోజున టేపు జోలికి పోలేదు. పిడికి బారెడు తాడు మాత్రం ముడేశాడు. "మోటరు లేకుంటేంది, నువ్వు లేవా? గుంజు" అన్నాడు.

హైదరాబాదులో విమానం దిగి బయటికి రాగానే నా భార్య చేయి ఊపింది. పాప నన్ను చూసింది, తల్లి చేతిలోని ఫోనును చూసింది, మళ్ళీ నన్ను చూసింది. చూసి, తల్లి కొంగు పట్టుకుంది. నేను పెట్టెను ముందుకు జరిపి, తాడు భుజాన వేసుకుని, "బుర్ర్‌ర్" అన్నాను.

కొంగు వదిలింది. వచ్చి ఎక్కింది. అంతమంది జనంలో నోటితో మోటరు చప్పుడు చేస్తూ, మలుపుల దగ్గర హారను కూడా కొడుతూ కారు దాకా లాగాను. దిగమంటే, "ఇంకోపారి, బాపూ" అంది. ఆ పిలుపులో ఫోను లేదు. ఇంకోసారి కాదు, నాలుగుసార్లు తిప్పాను.

ఇది జరిగి అయిదేళ్ళు. ఇప్పుడు అదే కంపెనీలో స్టోర్ కీపర్ని. తేమ పీల్చే సంచి ఒక్కటి కూడా ఎవరినీ పారేయనివ్వను. (కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చాటుగా సంచుల మామ అంటారని తెలుసు.) మొన్నటి సెలవులో పాప ఆ పెట్టెను బయటికి తీసి, "నువ్వు కూసో బాపూ, నేను గుంజుత" అంది. కూర్చున్నాను. తాడు భుజాన వేసుకుని ఎంత లాగినా చక్రం కదల్లేదు. వెనక్కి తిరిగి నా పొట్టను ఎగాదిగా చూసి, "మోటరు మంచిగనే ఉన్నది, లోడే ఎక్కువైంది. దిగి చప్పుడు చెయ్యి బాపూ" అంది. దిగాను. అప్పటంత గొంతు ఇప్పుడు లేదు కానీ, చేశాను.