బోరు పాయింటు చూసే బండి

మంచం, గ్యాస్ పొయ్యి, సింకు అన్నీ ఉన్న వ్యాన్ ఒకటి అద్దెకు తీసుకుని నిన్న నేనూ మా ఆయనా ప్రొద్దుటూరు నుంచి బయలుదేరాం. తొండూరు దాటాక ఒక బీడు చేను పక్కన ఆపాం. ఎవరూ పలకరించని చోట రెండు రోజులు గడపాలని మా ఆశ.

ఈ రోజు పొద్దున టీ పెడుతుంటే ఆ చేను గలామె వచ్చేసింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో టెంకాయ, ఊదుబత్తీలు, పసుపు.

"పాయింటు యాడ చూసినారమ్మా?" అంది.

బోరు వేసే చోటు చూడమని ఆమె ఎవరినో పిలిపించిందట. వ్యాన్ మీది సోలార్ పలక చూసి, నీళ్లు కనిపెట్టే మిషన్ అనుకుంది.

"మేము వాళ్లం కాదు పెద్దమ్మా, ఊరికే ఉందామని వచ్చినాం" అన్నాను.

"ఊరికే ఉండేదానికి ఇంత దూరమొచ్చినారా?"

నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం, "దేవునికని తెచ్చిన టెంకాయ ఇంటికి తీసకపోగూడదు" అంటూ మా వ్యాన్ ముందు చక్రం దగ్గరే కొట్టి, ఒక చిప్ప నా చేతిలో పెట్టింది.

"రెండు బోర్లు ఎండిపాయ. ఈ తూరి పడతాదిలే. పడితే ఇదంతా చీనీ చెట్లు పెడతా. మళ్లొచ్చినప్పుడు ఎండలో వద్దు, ఆడ నీడలో ఆపుకోండి" అని ఆ రాబోయే బత్తాయి తోటలో మాకు చోటు కూడా చూపించింది.

ఇంకా బోరు వేయలేదు, మొక్క నాటలేదు. మాకు నీడ మాత్రం ఖాయమైపోయింది. ఇంత ముందుగా బుకింగ్ ఇచ్చే రిసార్టు మీకెక్కడైనా తగిలిందా?