మేనత్త చందనం సబ్బు

నా చిన్నప్పుడు నెలకోసారి బియ్యం సంచీతో తెనాలిలో బస్సెక్కి దుగ్గిరాలలో దిగడం నా పని. ఆ బియ్యం మా మేనత్తకు. ఆవిడ మా నాన్నకు స్వయానా అక్క. భర్త పోయాక ఒక్క గదిలో ఒంటరిగా ఉంటూ, పసుపు యార్డులో కొమ్ములు ఏరే కూలికి వెళ్లేది. సరుకు రాని రోజున కూలి లేదు. అందుకని నాన్న బియ్యం పంపేవాడు. పంపుతూ, "ఇంట్లో ఏమేం కొనుక్కుందో చూసి రా" అని నాతో చెప్పేవాడు. పదేళ్లదాన్ని, అదేదో పెద్ద ఉద్యోగంలా మురిసిపోయేదాన్ని.

ఒకరోజు నేను వెళ్లేసరికి మేనత్త అప్పుడే పని నుంచి వచ్చింది. భర్త పోయిందని లోకం బొట్టు కూడా పెట్టుకోనివ్వని మనిషికి కనురెప్పల దాకా పసుపే. అన్నానికి కూర్చోబోతూ గూట్లోంచి చందనం సబ్బు తీసి, మోచేతుల దాకా ఓపిగ్గా రుద్దుకుంది. నా చేతులకూ రాసింది. అంత మంచి వాసన మా ఇంట్లో ఎన్నడూ ఎరగను. ఇంత ఖరీదైన సబ్బెందుకని అడిగాను.

"రోజంతా పసుపులోనే ఉంటాను కదే. మామూలు సబ్బుకి ఆ వాసన పోదు. అన్నం కలిపితే అన్నమూ అదే వాసన, ముద్ద దిగదు. దీంతో కడుక్కుంటే అన్నం అన్నంలా ఉంటుంది" అంది.

ఆ రోజు ఆవిడ కంచంలో అన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి తప్ప మరేమీ లేవు.

ఇంటికొచ్చి సబ్బు సంగతి చెప్పాను. పచ్చడి సంగతి చెప్పలేదు. నన్ను అడిగింది కొన్నవాటి గురించే కదా.

"ఒంటరి ఆడదానికి వాసన సబ్బు కావాల్సొచ్చిందా? అయితే మన బియ్యంతో పనేంటి?" అన్నాడు నాన్న. ఆ నెల నుంచి సంచీ వెళ్లలేదు.

కొన్నాళ్లకు కొలకలూరులో ఒక పెళ్లిలో మేనత్తను చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. చాడీ చెప్పింది నేనేనని ఆవిడకు తెలుసు. అయినా దగ్గరకు పిలిచి, చెమట పట్టిన నా ముఖం అరచేత్తో తుడిచింది. ఆ చేతికి పసుపు వాసన. సబ్బు మానేసి బియ్యం కొనుక్కుంటోందని అర్థమైంది. ఆ అన్నం ఎలా మింగేదో తలచుకుంటే ఈనాటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. బాపట్లలో ఒక్క గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెన్షన్ చాలదు, అద్దెలో సగం తమ్ముడు ఇస్తాడు. గదిలో ఇంకో మనిషి గొంతు వినపడకపోతే నాకు పిచ్చెక్కినట్టుంటుంది. అందుకే సాయంత్రం టీ మానేసి, రేడియోకు బ్యాటరీలు కొంటాను. తమ్ముడు వచ్చినప్పుడల్లా అచ్చం నాన్నలాగే గది నాలుగు మూలలూ చూస్తాడు.

ఏది అవసరమో ఆ గదిలో బతికే మనిషికే తెలుస్తుందని మేనత్త దగ్గర నేర్చుకున్నాను. ఆ మాట తమ్ముడి ముఖాన అనే ధైర్యం మాత్రం ఇన్నేళ్లకీ రాలేదు. తలుపు చప్పుడైతే ముందు రేడియో కట్టేసి బియ్యం డబ్బాలో దాస్తాను. ఆ తర్వాతే గడియ తీస్తాను.