రాయపురంలో మొదటి రోజు: మునెమ్మ కుడిచెయ్యి

రిటైరయ్యాక కొన్నాళ్ళు ఇంట్లో కుదురుగా కూర్చోవడానికి శాయశక్తులా ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఫిజియోథెరపిస్టుగా చేసినదాన్ని. పొద్దున్నే ఎవరి కాలో చెయ్యో పట్టుకుని వంచకపోతే నాకు తోచదు. చివరికి మా ఆయన "నా మోకాళ్ళ జోలికి మాత్రం రావద్దు" అని దణ్ణం పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే ఒక ఆదివారం మా చర్చిలో ప్రకటన చదివారు. చెన్నైలోని రాయపురంలో ఒక మిషన్ ఆశ్రమం ఉంది, పక్షవాతం వచ్చిన పేద వృద్ధ స్త్రీలకు సేవ చేయడానికి మనుషులు కావాలి, జీతం లేదు, భోజనం, వసతి ఇస్తారు, ఆరు నెలలు ఉండాలి అని. ఆ ముసలమ్మల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారని విన్నాక ఇంక ఆగలేదు. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం. కానీ ఇండియా నాకు పరాయి దేశమే, అంతకుముందు ఒక్కసారైనా చూసింది లేదు.

ఇలాంటి పనికి టూరిస్టు వీసా మీద వచ్చేయొచ్చని కొందరు ఉచిత సలహాలిచ్చారు. వినకండి. ఆశ్రమం వాళ్ళు పంపిన ఆహ్వానపత్రంతో ఇండియన్ హైకమిషన్‌కి వెళ్ళి, ఏ వీసా కావాలో అడిగి మరీ తీసుకున్నాను. రెండు నెలలు పట్టింది. కౌలాలంపూర్ నుంచి విమానం నాలుగు గంటలు కూడా పట్టదు. పొద్దున బయల్దేరితే తొమ్మిదిన్నరకల్లా చెన్నైలో దిగాను. రెండు పెట్టెలున్నా టాక్సీ ఎక్కలేదు, విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది. ఎక్కడా మారక్కర్లేకుండా వాషర్‌మన్‌పేట దాకా గంటలోపే వచ్చేశాను. టికెట్టు యాభై రూపాయలలోపే. అక్కడ ఆటో మాట్లాడుకున్నాను.

ఆటో అతనితో నాకొచ్చిన అరకొర తమిళంలోనే బేరం చేశాను. ఎక్కాక మా ఆయనకి ఫోన్ చేసి, చేరానని తెలుగులో చెబుతుంటే అతను వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమ్మా, మీరు తెలుగువాళ్ళా? ముందే చెప్పకూడదా! మాది చింతాద్రిపేట. మా తాతల కాలం నుంచీ ఆడే ఉండాము. మీది ఏ ఊరు?"

"మలేసియా."

"ఆడ కూడా తెలుగోళ్ళు ఉండారా? మీ పిల్లలు మాట్లాడతారా?"

"మాట్లాడకపోతే నేను ఊరుకోను. మరి మీ పిల్లలు?"

"యాడమ్మా! నేను తెలుగులో అడిగితే వాళ్ళు తమిళంలో జవాబు చెప్తారు," అని నవ్వాడు. నేనొచ్చిన పని కూడా చెప్పాను. దిగేటప్పుడు పెట్టెలు గేటు లోపలి దాకా మోసుకొచ్చి పెట్టాడు. "ఎండ శానా ఎక్కువ ఈడ. మజ్జిగ తాగతా ఉండండి," అని చెప్పి వెళ్ళాడు.

ఆశ్రమం ఒక ఇరుకు సందులో పాత మేడ. గాలి వీస్తే ఎండుచేపల వాసన, చేపల రేవు నుంచి లారీల హారన్లు. బాధ్యతలు చూసే అరుళ్ సిస్టర్ తమిళావిడ. ఇక్కడి ముసలమ్మల దగ్గరే తెలుగు నేర్చుకుందట. "ఇవాళ రెస్టు తీసుకోండి అక్కా, రేపటి నుంచి చూద్దాం," అంది. నాకు రెస్టు తీసుకోవడం వచ్చుంటే ఇంట్లోనే ఉండేదాన్ని కదా! రసం అన్నం, వేయించిన చేప ముక్క తిని, చెయ్యి కడుక్కుని నేరుగా వార్డులోకి వెళ్ళాను.

అక్కడ నాకు చూపించిన మొదటి మనిషి మునెమ్మ. నెత్తిన చేపల బుట్టతో రాయపురం వీధులన్నీ తిరిగి అమ్మిన మనిషి. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. కుడిచేతిలో కొంచెం బలం మిగిలే ఉందట, కానీ ఎవరెంత చెప్పినా కదపడం లేదట. ఎడంచేత్తో చెంచా పట్టుకోమంటే మొహం తిప్పుకుంటుందట. ఎడంచేత్తో అన్నం ఎలా తింటుంది మరి! ఆయా పెడితే నాలుగు మెతుకులు తింటుంది, సాయంత్రం కూతురు కనక వచ్చి పెడితే కడుపునిండా తింటుంది.

"కనక ఇంటికి తీసుకుపోతానంటోంది," అంది సిస్టర్. "కానీ తెల్లారకముందే రేవుకు వెళ్ళే పిల్ల, తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అంతసేపూ ఈమె ఒక్కతే ఉండాలి. తన చేత్తో తినగలిగితే చాలు, ఇంటికి పంపించేస్తాం. ఇంటికెప్పుడు పోదాం అని రోజూ అడుగుతుంది పాపం."

చిన్న స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ముందు కాలు చూద్దాం," అంటూ మునెమ్మ కుడికాలు ఎత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె ఉలిక్కిపడింది.

"వొద్దు తల్లీ, కాలు దించు."

"నొప్పా?"

"నొప్పి లేదు. దించు."

నొప్పి లేకపోతే నేను దించను, నా ఉద్యోగంలో నేర్చుకున్నది అదే. మడమ పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే పాదం జారి నా పొట్టకి తగిలింది. మునెమ్మ ఎడంచెయ్యి గబుక్కున నా వైపు వచ్చి, సగం దారిలో ఆగి, వెనక్కి పోయింది. నేను ఆ చేతిని పట్టుకుని మంచం మీద పెట్టేసి "పర్లేదు పెద్దమ్మా, పర్లేదు," అన్నాను. ఇంకోసారి తగిలింది. ఇంకోసారి పర్లేదన్నాను. మధ్యలో తువ్వాలు కూడా వేశాను, నా తెలివి అంతదాకా పోయింది. ఈసారి ఆమె ఏడ్చేసింది.

అప్పుడు తట్టింది నాకు. నా తల్లీ! కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలి కదా, మా ఇంట్లోనూ అదే అలవాటు కదా. ఎడంచేత్తో ఆ పని చేయడం ఆమెకి మనసొప్పడం లేదు, కుడిచెయ్యి లేవడం లేదు. పాపం తగులుకుంటోందని ఆమె అల్లాడుతుంటే నేను పర్లేదంటూ కాలు తిప్పుతూ కూర్చున్నాను! నాకు పర్లేదంటే సరిపోతుందా, ఆమెకీ పర్లేదనిపించొద్దూ?

తువ్వాలు తీసేశాను. స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుని, "తాకి అద్దుకో పెద్దమ్మా. నేనెక్కడికీ పోను, ఎంతసేపైనా ఉంటాను," అన్నాను.

మునెమ్మ నన్ను చూసింది, తన కుడిచేతిని చూసింది. ముందు భుజం పైకి లేచింది. తర్వాత మోచెయ్యి దుప్పటి మీద ఈడ్చుకుంటూ వచ్చింది. సాయం చేయాలని నా చేతులు ఒకటే దురద పెట్టాయి, రెండూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నాను. వేళ్ళు నా మోకాలికి తగిలాయి. ఆ చెయ్యి వణుకుతూ పైకి లేచి, గుండె దాటి, గడ్డం దాటి, పెదవుల దగ్గర ఆగిపోయింది. ఇంక లేవలేదు. అప్పుడు మునెమ్మ తానే తల వంచి, కళ్ళు తెచ్చి ఆ వేళ్ళకి అద్దుకుంది.

గుమ్మం దగ్గర చప్పుడైతే తిరిగి చూశాను. చేతిలో క్యారేజీతో ఒకామె నిలబడి ఉంది. కనకేనని చెప్పక్కర్లేదు, ముక్కు అచ్చం తల్లిదే. "అమ్మా, చెయ్యి నోటి కాడికి వచ్చిండాది మా!" అంటూ అక్కడే నేల మీద కూలబడింది. కనక కళ్ళు తుడుచుకుని, క్యారేజీ విప్పి, చేపల పులుసు కలిపిన అన్నం చిన్న ముద్ద చేసి తల్లి కుడిచేతిలో పెట్టింది. సగం దుప్పటి మీద పడింది. సగం నోట్లోకి వెళ్ళింది.

"ఇంకొన్ని రోజులేమా, ఇంటికి పోదాము," అంది కనక.

మునెమ్మ నములుతూ తలూపింది.

సముద్రం దాటి సేవ చేయడానికి వచ్చానన్న గొప్ప ఒకటి నాకు తెలియకుండానే నాతో వచ్చింది. ఇవ్వడం నా వంతు, తీసుకోవడం వాళ్ళ వంతు అనుకున్నాను. మునెమ్మకి మాత్రం తీసుకుని ఊరుకోవడం చేతకాదు. తనవల్ల నా పట్ల తప్పు జరిగిందనుకుంది, దాన్ని తనే సరిచేసుకోవాలనుకుంది. అంతమంది చెప్పినా లేవని చెయ్యి దానికోసం లేచింది. ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చున్నంతసేపూ ఇది నాకు కొత్త దేశమన్న సంగతే గుర్తు రాలేదు.

మీరూ ఇలాంటి పనికి వచ్చేట్టయితే ఒక్కటి చెబుతాను: ముదురు రంగు నూలు బట్టలే తెచ్చుకోండి. నేను తెల్ల కుర్తాలు తెచ్చుకున్నాను. మునెమ్మ రెండో ముద్ద తను తినకుండా నా నోటి వైపు చాచింది. సగం నా ఒళ్ళో పడింది, మిగతా సగం తిన్నాను. ఆ పులుసు మరక ఎంత ఉతికినా పోలేదు. నిజం చెప్పాలంటే, నేను అంత గట్టిగా ఉతకనూ లేదు.