ఎర్ర బిళ్ళ

సొరంగంలో పనిచేసే ప్రతి మనిషికీ ఒక ఇనుప బిళ్ళ ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు దాన్ని సొరంగం మూతి దగ్గరి బోర్డుకు తగిలించాలి, బయటికి వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ వేలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే పద్ధతి. ఒక పెద్దమనిషి ఈ పద్ధతిని లెక్కచేయకపోవడం వల్ల నా తమ్ముడు చచ్చిపోయాడు. ఈ సంగతి నేను మెత్తగా రాయను.

మాది లక్డారం. గుట్ట కింద నుంచి నీళ్ళు తేవడానికి సొరంగం తవ్వుతున్న రోజుల్లో తమ్ముడు అక్కడ వెల్డరు దగ్గర పనిచేసేవాడు, నేను కూలీలకు టీ కాసేదాన్ని. గుట్ట లోపల రాతి సందుల నుంచి నీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉండేవి. అవి కాంక్రీటులోకి దిగకుండా రాతికి ప్లాస్టిక్ షీటు కప్పి, దాని ముందు ఇనుప చువ్వలు కట్టేవాళ్ళు. చువ్వలకు వెల్డింగ్ చేస్తే నిప్పురవ్వలు ఆ షీటు మీదే పడతాయి. అందుకే నీళ్ళ పైపు పట్టుకొని ఒక మనిషి పక్కనే నిలబడాలి. పని వెనకపడుతున్నదని ఆ మనిషిని వేరేచోటికి పంపింది సైటు ఇంచార్జి. పని మొత్తం చూసుకునే ఇంజనీరు ఆయనే.

షీటు అంటుకుంది. మంట కంటే పొగ చెడ్డది. సొరంగానికి ఉన్నది ఒకటే దారి, పొగా అదే దారిన రావాలి, మనుషులూ అదే దారిన రావాలి. అందరూ దగ్గుకుంటూ బయటపడి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకున్నారు. తమ్ముడూ తీసుకున్నాడు. బోర్డు మీద ఒక్క ఎర్ర బిళ్ళ మిగిలింది. ఎర్రది ఇంచార్జిది.

"సాబ్ లోపల్నే ఉండు," అని తడి తువ్వాల మూతికి చుట్టుకొని మళ్ళీ లోపలికి పోయాడట నా తమ్ముడు.

అదే సమయానికి నేను వెనక నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందె నింపుతున్నాను. ఇంచార్జి నా పక్కనే మొహం కడుక్కుంటున్నాడు. ఏమైంది సార్ అని అడిగితే, కొంచెం పొగ అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు. నేను బిందెతో సొరంగం దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు అప్పటికే లోపలికి పోయాడు. తరువాత వాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. ప్రాణం లేదు.

విచారణలో ఇంచార్జి ఏమన్నాడంటే, కూలీలందరినీ పంపించి తానే చివర వచ్చాడట, పొగలో బిళ్ళ కనబడలేదట. బోర్డు మీద వేలాడిన బిళ్ళే ఆయనకు సాక్ష్యమైంది. నేను లేచి ట్యాంకర్ సంగతి చెప్పాను.

"అప్పుడు టైమెంత?" అని అడిగాడు విచారణకు వచ్చిన ఆఫీసరు.

"పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలే సార్."

"గడియారం చూడటం వచ్చా నీకు?"

రాదన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాట ఎవరూ రాసుకోలేదు కూడా. "వాన్ని ఎవరు పొమ్మన్నరు, తొందరపాటు మనిషి" అనే మాట ఊళ్ళో మిగిలింది. నా మరదలు, వాడి భార్య, ఆ మాటను పెళ్ళిళ్ళలో విన్నది, బోరింగు కాడ బిందె పెట్టిన ప్రతిసారీ విన్నది.

సైటు ఎత్తేసేటప్పుడు ఆ ఎర్ర బిళ్ళను చెత్తలోంచి ఏరి బియ్యం డబ్బాలో దాచాను. తరువాత చర్చి పక్క గదిలో సాయంత్రాలు చదువు నేర్చుకున్నాను. అక్షరాల కంటే ముందు గడియారం నేర్పమంటే టీచరమ్మ వింతగా చూసింది.

ఇప్పుడు వెలిమెల దగ్గర రైలు పట్టాల కింద రోడ్డు కోసం సొరంగం కడుతున్నారు. చదవడం వచ్చు కాబట్టి నన్ను బిళ్ళల బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. ఇక్కడ వెల్డింగ్ అయ్యేదాకా నీళ్ళ పైపు మనిషి కదలడు. ఎవరి బిళ్ళ వాళ్ళే తీయాలి. ఒక్కటి మిగిలినా గాలి సిలిండర్లు కట్టుకున్న జట్టు లోపలికి పోయి వెతకాల్సిందే.

నిప్పు అంటుకుంటే ఎట్లా బయటపడాలో చూపించే డ్రిల్ ఒకటి పెట్టారు. సలహాలిచ్చే నిపుణుడొకరు వస్తారని నోటీసు అంటించారు. పేరు చదివాను. మళ్ళీ చదివాను. ఇంటికి పోయి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను.

మర్నాడు ఆనాటి ఇంచార్జే కారు దిగాడు. జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే. ఇక్కడ అతిథులకు ఎర్ర బిళ్ళలిస్తారు. ఆయన చేతిలో ఆయన పాతదే పెట్టాను. ఫోన్లో మాట్లాడుతూ, చూడకుండానే బోర్డుకు తగిలించి లోపలికి పోయాడు.

సైరన్ మోగింది. పొగ డబ్బాలు వెలిగించారు. బయటికి వచ్చినవాళ్ళు వరుసగా బిళ్ళలు తీసుకున్నారు. ఆయన బిళ్ళ తీసుకోకుండా నా ముందు నుంచే టెంటు కిందికి, టీ దగ్గరికి నడిచాడు. నడుస్తాడని నాకు తెలుసు. పద్ధతులన్నీ కూలీలకే అనుకునే మనిషి ఎంత ముసలైనా మారడు.

సిలిండర్ల జట్టు లేచింది. సైటు ఆఫీసరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఎవరిదిది?"

"సలహాలియ్యనొచ్చిన సార్‌ది. లోపల్నే ఉండిపోయినట్టుండు."

"అగో, ఆడ టీ తాగుతుండు గదా," అన్నాడు జట్టులో ఒకడు.

"టీ తాగేటోడు బిళ్ళ తీస్కోడా? నీ కండ్లను నమ్మాల్నా, బోర్డును నమ్మాల్నా?"

జట్టంతా నవ్వింది. ఆఫీసరమ్మ పిలిస్తే ఆయనా నవ్వుకుంటూనే వచ్చాడు. "సారీ అమ్మా, మర్చిపోయాను," అని బిళ్ళ తీశాడు. దాన్ని చూసి ఆగిపోయాడు. రంగు పెచ్చులూడింది, అంచుల్లో ఆనాటి మసి అట్లే ఉంది.

"ఆ దినం గూడ మర్చిపోయినవ్ సార్," అన్నాను. "నువ్వు లోపలున్నవని నా తమ్ముడు నీ కోసం పోయిండు. నువ్వేమో ట్యాంకర్ కాడ మొఖం కడుక్కుంటున్నవ్. నీ పక్కన బిందె నింపింది నేనే. ఇంతమంది ముంగట చెప్పు, యాడున్నవ్?"

"అదంతా ఇప్పుడెందుకమ్మా. పక్కకు రా, మాట్లాడదాం."

"పక్కకు రాను."

 ఆఫీసరమ్మ "సార్?" అన్నది, అంతే.

"బయటే ఉన్నాను," అన్నాడు నేల చూస్తూ.

"సొరంగంలకు గాలి కొట్టే పంకా చప్పుడుకు ఇనొస్తలేదు సార్. జెర గట్టిగ."

"బయటే ఉన్నాను. అందరికంటే ముందు నేనే వచ్చాను."

బిళ్ళ నాకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపలేదు.

"నీదే గదా. నీ కాడ్నే ఉంచుకో."

మరదలు కంపెనీ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే సంగతంతా చెప్పాను. ముందు నేనే వచ్చాను అన్న మాటను నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

"ఎంతమంది ఇన్నరు వదినె?"

"సైటు సైటంత ఇన్నది."

"గంతేనా? నేనైతే ఆయనను ఆ పొగల్నే కూసోబెడ్దును."

నాకూ ఆ ఆలోచన రాకపోలేదు.

తెల్లారి లేచేసరికి ఆమె బిందె చంకన పెట్టుకొని, ఊళ్ళో ఆడవాళ్ళంతా కూడే బోరింగు దారి పట్టింది. మా ఇంట్లో నల్లా వచ్చి చాలా కాలమైంది.